ఇంటర్ తర్వాత అగ్నివీర్: పంపొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 18 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. బీటెక్ వద్దు, అగ్నివీర్‌గా ఆర్మీలో చేరతానంటున్నాడు. పంపమంటారా?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పంపొచ్చండీ. కాకపోతే ‘గవర్నమెంటు ఉద్యోగం వచ్చేసింది, ఇక బెంగ లేదు’ అనుకుని మాత్రం పంపకండి. ఇది నాలుగేళ్ల కొలువు. ఆ తర్వాత రెగ్యులర్‌గా తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందినే. మిగతావాళ్లకు పెన్షన్, గ్రాట్యుటీ ఉండవు, మాజీ సైనికుడి హోదా కూడా రాదు.

డబ్బు సంగతి చూద్దాం. జీతం మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాది 40 వేలు. అందులో 30 శాతం సేవానిధికి (నాలుగేళ్లు పూర్తయ్యాక ఒకేసారి చేతికిచ్చే పొదుపు నిధి) పోగా చేతికొచ్చేది మొదట్లో 21 వేలు, చివర్లో 28 వేలు. తిండి, బస, వైద్యం సైన్యానివే కాబట్టి కుర్రాడికి జాగ్రత్త ఉంటే చాలావరకు మిగులుతుంది. నాలుగేళ్లలో అతని వాటా 5.02 లక్షలు, కేంద్రం అంతే కలుపుతుంది. వడ్డీతో సుమారు 11.7 లక్షలు, పన్ను లేదు. మధ్యలో తనంతట తాను మానేస్తే ప్రభుత్వ వాటా రాదు. పైగా అలా బయటికి రావడం అంత తేలిక కాదు. 48 లక్షల బీమాకు ప్రీమియం కట్టక్కర్లేదు.

అసలు చిక్కు 22 ఏళ్లకు వస్తుంది. తోటివాళ్ల చేతిలో డిగ్రీ ఉంటుంది, ఇతని దగ్గర ఇంటర్ సర్టిఫికెట్టే. అందుకే చేరాక ఇగ్నో దూరవిద్య డిగ్రీని వదలనివ్వకండి. అగ్నివీరులకు ఇందులో సగం క్రెడిట్లు సర్వీసులో నేర్చిన నైపుణ్యానికే ఇస్తారు. కేంద్ర సాయుధ బలగాల్లో రిజర్వేషన్ ఉన్నా, ఆ పోటీకీ చదవాల్సిందే.

నన్నడిగితే ముందు ఎన్డీఏ (త్రివిధ దళాల అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశపరీక్ష రాయించండి. ఏటా రెండుసార్లు పరీక్ష ఉంటుంది. కోర్సు మొదలయ్యేనాటికి వయసు 19న్నర దాటకూడదు, కాబట్టి మీవాడికి దక్కేది కొద్ది అవకాశాలే. గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600, ఎస్ఎస్‌బీ (అధికారులను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకి 900 మార్కులు. ఎంపీసీ కాబట్టి త్రివిధ దళాలకూ అర్హుడే. గెలిస్తే లెఫ్టినెంట్‌గా మూలవేతనం 56,100. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలు వెనకబడేది లెక్కల్లో కాదు, ఇంగ్లిష్‌లోనూ ఎస్ఎస్‌బీలో నలుగురి ముందు మాట్లాడడంలోనూ. అగ్నివీర్ రాతపరీక్ష అయితే తెలుగులోనూ రాయొచ్చు.

అగ్నివీర్ నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లోపు పరిగెత్తితే 60 మార్కులు, పది పుల్‌అప్స్‌కు 40. నోటిఫికేషన్ వచ్చాక పరుగు మొదలుపెట్టేవాళ్లు పిక్కల నొప్పితో కూలబడతారు. ఆరు నెలల ముందే మొదలుపెట్టించండి. పరుగు గెలిచి మెడికల్‌లో పోయేవాళ్లూ ఉంటారు: చదును పాదాలు, మోకాళ్లు తగలడం, చూపు, చెవిలో గులిమి. గులిమి అయితే ముందే తీయించుకోవచ్చు, చదును పాదాలకు మాత్రం చేసేదేం లేదు. అకాడమీలకు వేలు కట్టేముందే ప్రభుత్వాసుపత్రిలో ఇవన్నీ చూపించండి. మెడికల్ గట్టెక్కిస్తానని డబ్బడిగే దళారికి రూపాయి కూడా ఇవ్వకండి.