ఇంట్లో నిద్రపోయేటప్పుడూ కంపెనీ బ్యాండ్ పెట్టుకోవాలా?

ప్రశ్న: అచ్యుతాపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాను. షిఫ్టు 12 గంటలు, వారానికి ఆరు రోజులు. అలసట వల్ల ప్రమాదాలు జరుగుతున్నాయని అందరి చేతికీ బ్యాండ్లు కట్టారు. గుండె వేగం, నిద్ర చూస్తుందట. ఇంట్లో పడుకున్నప్పుడూ తీయొద్దంటున్నారు. గేటు దగ్గర ఎర్ర గుర్తు వస్తే వెనక్కి పంపి ఆ రోజు కూలి కోస్తున్నారు. మొదట్లోనే ఏదో ఇంగ్లిషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. బ్యాండ్ తీసేస్తే ఉద్యోగం పోతుందా?
- పేరు వద్దన్న పాఠకుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: ఎంత కోపం వచ్చినా డ్యూటీలో ఉండగా బ్యాండ్ తీయకండి. భద్రత ఏర్పాట్లు చేయడం యజమాని పని, వాటికి సహకరించడం కార్మికుడి పని అని 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ అనే కార్మిక చట్టం చెబుతోంది. ఇంకో చిక్కూ ఉంది. భద్రత కోసం ఇచ్చిన పరికరాన్ని కావాలని పక్కన పెట్టినందువల్లే ప్రమాదం జరిగిందని తేలితే, మరణం, పూర్తి శాశ్వత వైకల్యం తప్ప మిగతా గాయాలకు పరిహారం ఎగ్గొట్టే వీలు యజమానికి ఉంది. చేతి బ్యాండ్ ఆ కోవలోకి వస్తుందా అని వాదించవచ్చు. కాలు విరిగి మంచాన పడ్డాక ఆ వాదన మీకెందుకు?

కూలి కోత దగ్గర మాత్రం మీ పక్షం బలంగా ఉంది. వేతనాల కోడ్ 18వ సెక్షన్‌లో చెప్పిన కారణాలకు తప్ప జీతంలో పైసా కోయకూడదు. పనికి రాకపోతే కోయవచ్చు. మీరు వచ్చారు, వాళ్లే పంపేశారు. దాన్ని గైర్హాజరు అనడం కుదరదని నా అభిప్రాయం. అలసిన మనిషిని బండి ఎక్కనివ్వకపోవడం మంచిదే, ఆ పూటకు వేరే తేలిక పని ఇవ్వవచ్చు కదా. కూలి పోతుందని భయపెడితే ఏం జరుగుతుందో సూపర్‌వైజర్లకు తెలియనిది కాదు. రాత్రి బ్యాండ్‌ను తమ్ముడి చేతికి కట్టి, పొద్దున్నే తాము పెట్టుకుని వస్తారు.

ఇక ఇంట్లో నిద్ర సంగతి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అయితే దాన్ని పట్టుకుని ప్రైవేటు కంపెనీ మీద నేరుగా రిట్ (ప్రాథమిక హక్కుల కోసం పై కోర్టులో వేసే పిటిషన్) వేయమని నేను చెప్పను. ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు మీకు ఎక్కువ పనికొస్తాయి. ఆరోగ్య స్థితి సున్నితమైన సమాచారం. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. ఇచ్చిన సమ్మతిని రాతపూర్వకంగానే వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి ముందు ఆ ఇంగ్లిషు కాగితం నకలు అడగండి. 2023 నాటి డేటా రక్షణ చట్టంలో ముఖ్యమైన సెక్షన్లు 2027 మే నాటికి అమల్లోకి వస్తాయి. అప్పుడు సమ్మతి నోటీసును తెలుగులో అడగవచ్చు. కానీ మరీ ఆశ పెట్టుకోకండి. ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు అదే చట్టం 7వ సెక్షన్ యజమానికి ఇచ్చింది. ఆ అవసరం పడకగది దాకా వస్తుందా అనేది కోర్టులు తేల్చాల్సిందే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది షిఫ్టు లెక్క. 12 గంటల చొప్పున ఆరు రోజులంటే వారానికి 72 గంటలు. 48 దాటిన 24 గంటలకు రెట్టింపు ఓటీ (ఓవర్‌టైమ్) కూలి రావాలి, పైగా ఓటీకి మీ సమ్మతి ఉండాలి. వస్తోందా? కాంట్రాక్టరు ఇవ్వకపోతే ప్రధాన యజమాని, అంటే ఫ్యాక్టరీ, చెల్లించాలి. మనిషిని 72 గంటలు తిప్పి, అలసిపోయాడని బ్యాండ్‌తో కనిపెట్టడమేమిటో! ఆ బ్యాండ్ రికార్డు మీకూ పనికొస్తుంది. ఎర్ర గుర్తు వచ్చినా బండి ఎక్కించారని అందులో ఉంటే, రేపు జరగరానిది జరిగినప్పుడు అది యజమాని నిర్లక్ష్యానికి సాక్ష్యం. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేస్తే ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో చెల్లుతుంది.

ఉద్యోగం మాటకొస్తే, కాంట్రాక్టు కార్మికుణ్ని రేపటి నుంచి రావద్దనడం వాళ్లకు తేలిక, మీరు వేసే కేసుకు ఏళ్లు పడుతుంది. అందుకే ఒంటరిగా రాయకండి. నలుగురైదుగురు కలిసి సంతకాలు చేసి మేనేజరుకు, కాంట్రాక్టరుకు ఉత్తరం ఇవ్వండి. షిఫ్టులో బ్యాండ్ పెట్టుకుంటామని మొదటి వాక్యంలోనే రాయండి. నిద్ర వివరాలు ఎవరు చూస్తున్నారు, ఎన్నాళ్లు దాస్తారు, కోసిన కూలి ఎప్పుడిస్తారు, ఓటీ లెక్కేమిటి అని అడగండి. మీ భద్రతకు సంబంధించిన సమాచారం అడిగే హక్కు వృత్తి భద్రత కోడ్ 14వ సెక్షన్‌లో ఉంది. భద్రతా కమిటీ ఉంటే అందులోని కార్మిక ప్రతినిధికి ఒక నకలు, లేబర్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో ఇంకొకటి పంపి రసీదు దాచుకోండి. వెనక్కి పంపిన రోజుల తేదీలు, వేతన స్లిప్పులు కూడా ఇంట్లోనే భద్రంగా పెట్టండి.