ఒకే వ్యాసం పన్నెండు చోట్లకు పంపితే

మంచి మార్కులున్నా, పన్నెండు స్కాలర్‌షిప్‌లకు అప్లై చేస్తే ఒక్కటీ రాలేదన్నారు కదా. అన్నిటికీ మీరు పంపిన ఆ ఒకే వ్యాసం చదివాను. చిక్కంతా అక్కడే ఉందండి. "చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం" అన్న మొదటి వాక్యం కొట్టేయండి, సెలెక్షన్ కమిటీ వాళ్లు అలాంటివి ఎన్ని చదివుంటారో! మూడో పేరాలో, ల్యాబ్‌లో సెన్సర్ తప్పు రీడింగ్ ఇస్తుంటే రెండు వారాలు కుస్తీపట్టి లూజు వైరు కనిపెట్టానని రాశారు చూడండి, దాంతోనే మొదలుపెట్టండి. మీరేంటో తెలిసేది అందులోనే.

అర్హతలు కూడా ముందే చూసుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల పని అనుభవం అడుగుతారు, చదువులో ఉన్నవాళ్లకు అది కష్టమే. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకిచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్‌కైతే వ్యాసం ఎవరి సాయమూ లేకుండా రాయాలి, అంటే నాలాంటివాళ్లకు చూపించి దిద్దించుకోకూడదు. పన్నెండొద్దు, సరిగ్గా సరిపోయేవి నాలుగు చాలు. మీ డిపార్ట్‌మెంట్ ఇచ్చే చిన్నవాటినీ వదలకండి.

సిఫార్సు లేఖ గడువుకు రెండు రోజుల ముందు అడిగితే ఎవరైనా మొక్కుబడిగానే రాసిస్తారు. నెల ముందే వెళ్లి, ఆ సెన్సర్ సంగతి కాగితం మీద నాలుగు ముక్కలు రాసి మీ ప్రొఫెసర్ చేతిలో పెట్టి రండి.