నాన్నగారికి వినికిడి తగ్గింది, అమెరికాలో ఏం కొనాలి?

ప్రశ్న: టెక్సాస్ వచ్చి ఏడాదయింది అక్కా. వచ్చే నెల నాన్నగారు విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వస్తున్నారు. ఎదురుగా కూర్చుని మాట్లాడితేనే వినపడుతోంది, టీవీ సౌండ్ బాగా పెంచేస్తున్నారు. ఇక్కడ చెవి మిషన్ల జత వేల డాలర్లంటున్నారు. వైర్‌లెస్‌వి చవగ్గా దొరుకుతాయా?

జవాబు: దొరుకుతాయి తమ్ముడూ. కానీ కార్డు తియ్యకముందు ఒక్క పని చెయ్యి. నాన్నగారు విమానం ఎక్కేలోపు అక్కడే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించి, గులిమి ఉంటే తీయించి, ఆడియోమెట్రీ (ఏ చెవికి ఎంత వినపడుతోందో కొలిచే పరీక్ష) చేయించమను. ఆ గ్రాఫు కాగితం ఫోటో నీకు పంపమను. అక్కడ అది కొద్దిపాటి ఖర్చే. ఇక్కడ ఇన్సూరెన్స్ లేకుండా అదే పని చేయిస్తే బిల్లు చూసి నీకే చెవులు గింగురుమంటాయి. విజిటర్ ఇన్సూరెన్స్‌లు మామూలుగా చెవి మిషన్లకి పైసా ఇవ్వవు.

కొత్తగా వచ్చినవాళ్ళం అందరం చేసే తప్పొకటుంది, మేమూ చేశాం: ఆన్‌లైన్‌లో చవగ్గా కనపడిన ‘యాంప్లిఫయర్’ (ఉత్తినే శబ్దం పెంచే పరికరం) తెప్పించడం. పెట్టె మీద ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్’ (ఎఫ్‌డీఏ అంటే మందుల్నీ వైద్య పరికరాల్నీ చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) అని ఉంటే సర్కారు పరీక్షించి ఒప్పుకుందనుకుంటాం. రిజిస్ట్రేషన్ అంటే ఆమోదం కాదు. అలాంటివి మాటనీ గిన్నెల చప్పుడునీ ఒకే లెక్కన పెంచుతాయి. రెండు రోజులు పెట్టుకుని పెద్దవాళ్ళు డ్రాయర్లో పడేస్తారు. డబ్బు పోయినట్టే, ‘మిషన్లు నాకు పనికిరావు’ అన్న నమ్మకం మాత్రం మిగులుతుంది. ఆ నమ్మకాన్ని పోగొట్టడం మళ్ళీ ఇంకో ఖర్చు.

2022 అక్టోబరు నుంచి ఇక్కడ 18 ఏళ్ళు దాటినవాళ్ళకి, తక్కువ నుంచి మధ్యస్థం దాకా లోపం ఉంటే, చీటీ లేకుండా అమ్మే ఓటీసీ హియరింగ్ ఎయిడ్స్ వచ్చాయి. నిబంధనలు ఎఫ్‌డీఏ సైట్లో ఉన్నాయి, చదువుకో. గ్రాఫులో లోపం అంతకు మించి ఉంటే వాటి జోలికి పోకు. ఒక్క చెవే మందగించినా, చీము, నొప్పి, కళ్ళు తిరగడం ఉన్నా ముందు డాక్టరు దగ్గరికే. ఉన్నట్టుండి వినికిడి పోతే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ఇక అసలు సంగతి. మిషన్ ధర కంటే మైకు ఎక్కడుందన్నదే ముఖ్యం. దూరం రెట్టింపైనప్పుడల్లా మాట సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 8 అడుగుల అవతలున్న మైకుని నోటికి అడుగు దూరానికి తెస్తే లెక్క ప్రకారం 18 డెసిబెల్స్ లాభం. గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దం వల్ల ఇంట్లో కొంత తగ్గినా, డిష్‌వాషర్ రొద పెరగకుండా మాట ఒక్కటే పెరుగుతుంది. వేల డాలర్ల మిషన్ కూడా గది అవతల నుంచి ఈ పని చెయ్యలేదు.

నీకు ఐఫోను, ఎయిర్‌పాడ్స్ (ఆపిల్ వాళ్ళ వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు) ఉంటే నాన్నగారు రాగానే చూడొచ్చు. కంట్రోల్ సెంటర్‌లో ‘హియరింగ్’ బటన్ చేర్చు, ఎయిర్‌పాడ్స్ నాన్నగారి చెవుల్లో పెట్టు, చెవి బొమ్మ నొక్కి ‘లైవ్ లిజన్’ ఆన్ చెయ్యి. అప్పుడు నీ ఫోనే మైకై, మాటని ఆయన చెవిలోకి పంపుతుంది. ఫోను మాట్లాడేవాళ్ళ చేతిలో ఉండాలి. జేబులో పెడితే గుడ్డ రాపిడే వినపడుతుంది. డైనింగ్ టేబుల్ మీద ఉత్తినే పెడితే ప్రతి గిన్నె చప్పుడూ చెవిలో పిడుగులా పడుతుంది. కింద నాలుగు మడతల తువ్వాలు వెయ్యి.

ఎయిర్‌పాడ్స్ ప్రో రెండో తరం నుంచి హియరింగ్ ఎయిడ్ సదుపాయమే ఉంది, ఎఫ్‌డీఏ 2024లో ఒప్పుకుంది. ధర 249 డాలర్లు, మన లెక్కలో ఇరవై వేల పైమాటే. సెటప్‌కి ఐఫోనో ఐప్యాడో కావాలి. ఆ ఆడియోమెట్రీ కాగితాన్నీ అందులోకి ఎక్కించవచ్చు. రెండో తరంలో ఛార్జింగ్ ఆరు గంటలకి అటూఇటూ వస్తుంది కాబట్టి భోజనం తరవాత కునుకు తీసేప్పుడు కేసులో పెట్టేయమను. కూతపెడుతుంటే చెవిలో సరిగ్గా కూర్చోలేదని అర్థం, రబ్బరు టిప్ సైజు మార్చు.

ఆండ్రాయిడ్ అయితే ‘సౌండ్ యాంప్లిఫయర్’ అనే యాప్ ఉచితం. వైరున్న ఇయర్‌ఫోన్ వాడితే ఆలస్యం ఉండదు. ‘లైవ్ ట్రాన్స్‌క్రైబ్’ యాప్ మన మాటని తెలుగు అక్షరాల్లో చూపిస్తుంది.

టీవీకి మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొనకు. చాలావాటిలో ధ్వని సెకనులో ఐదో వంతు వెనకబడుతుంది. వినికిడి తగ్గినవాళ్ళు పెదాలు చూసి సగం మాట పట్టుకుంటారు. పెదాలొకటి, మాటొకటి అయితే ఆ సగమూ పోతుంది. టీవీ కోసమే చేసిన 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ ఉన్న హెడ్‌సెట్ తీసుకో. హెడ్‌ఫోన్ జాక్‌కి పెడితే చాలా టీవీల్లో స్పీకరు మూగబోతుంది, మిగతావాళ్ళు చూడలేరు. దాని బదులు ఆప్టికల్ కేబుల్ (టీవీ వెనక ‘ఆప్టికల్’ అని రాసున్న చోట పెట్టేది) వాడు. కొత్త కేబుల్ రెండు కొసలకీ గోరంత పారదర్శక ప్లాస్టిక్ తొడుగులుంటాయి, అవి తియ్యకపోతే ధ్వని రాదు. తీసినా రాకపోతే టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియోని ‘డాల్బీ’ నుంచి ‘పీసీఎం’కి మార్చు. ఈ రెండూ చూడక మంచి సెట్లు వాపసు పంపేవాళ్ళున్నారు. చిటపటలు వస్తే వైఫై రౌటరుకి నాలుగడుగులు ఎడంగా జరుపు.

తెలుగు సినిమాకి తీసుకెళ్తే టికెట్ కౌంటర్లో ‘అసిస్టివ్ లిజనింగ్ డివైస్’ (సినిమా ధ్వనిని నేరుగా చెవికి చేర్చే పరికరం) అడుగు. డబ్బు తీసుకోరు, ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల చట్టం) ప్రకారం ఇవ్వాలి. కొన్నిటిలో చూపు లేనివాళ్ళకి వ్యాఖ్యానం వచ్చే ఛానల్ వేరే ఉంటుంది. అది పెట్టి ఇస్తే మన సినిమాకి ఏమీ వినపడదు. లోపలికెళ్ళే ముందే ‘హెచ్ఐ’ (వినికిడి తగ్గినవాళ్ళది) ఛానల్ పెట్టించు. గుళ్ళకి ఆ చట్టం వర్తించదు, ప్రవచనానికి నీ ఫోనే మైకు.

తిరుగు ప్రయాణంలో ఇవన్నీ ఆయనతో పంపాలంటే కొనేటప్పుడే రెండు చూడు. అడాప్టర్ మీద 100–240 వోల్టులని ఉండాలి, లేకపోతే మన 230కి కాలిపోతుంది. 900 మెగాహెర్ట్జ్ హెడ్‌సెట్ వద్దు, ఇండియాలో ఆ తరంగాలు మొబైల్ కంపెనీలవి. బ్యాటరీలున్నవన్నీ చేతిసంచీలో పెట్టు, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు.