ఎవరు కొంటారో చూసుకుని కొనండి

చి. మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మీరు నలుగురు స్నేహితులూ కలిసి చూస్తున్న ఆ అమెరికా రెస్టారెంట్ కంపెనీ షేరు మీద రాసుకున్న లెక్కలు అందాయి. కంపెనీ విలువ ఎంతో తేల్చడానికి మూడు పేజీలు పెట్టారు. మీరు కొన్న షేర్లను రేపు మీ దగ్గర ఎవరు కొంటారన్న దానికి ఒక్క వాక్యం లేదు. రోజుకు లక్షల షేర్లు చేతులు మారే కంపెనీకైతే ఆ వాక్యం అక్కర్లేదు. ఈ కంపెనీకి అదే మొదటి పేజీ కావాలి.

ముందు ఆ వాల్యూమ్ లెక్క, అంటే రోజుకు ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయన్న లెక్క, సరిచెయ్యండి. మీరు రోజువారీ సగటు వేశారు. పలచగా ట్రేడయ్యే షేరులో సగటు అబద్ధం చెబుతుంది. అరవై రోజుల్లో 58 రోజులు రోజుకు 800 షేర్లు చేతులు మారి, రెండు రోజులు మాత్రం 30,000 చొప్పున మారాయనుకో. సగటు 1,770 దాటుతుంది. ఆ రెండు రోజులూ ఎవరో ఒక పెద్ద చెయ్యి ఇంకో పెద్ద చేతికి మొత్తంగా మార్చింది, అంతే. మీకు దొరికేది 800 రోజులే. అందుకే అరవై రోజుల అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి మధ్యలో ఉన్నది తీసుకోండి. అసలు ఒక్క షేరు కూడా ఆడని రోజులు ఎన్నో పక్కన రాసుకోండి.

ఆ మధ్య అంకె 800లో పదో వంతుకు మించి మీరు ఆడితే ధరను మీరే కదిలిస్తారు. అంటే రోజుకు 80 షేర్లు. తలా 2,000 కొనాలనుకుంటున్నారు, నలుగురివీ కలిపి 8,000. కొనడానికి వంద ట్రేడింగ్ రోజులు, అమ్మడానికి మళ్లీ వంద. ఒక్కో వైపూ ఐదు నెలలకు కాస్త తక్కువ. పైగా ఈ లెక్క వార్తలేవీ లేని ప్రశాంతమైన రోజులది. చెడు వార్త వచ్చిన రోజు కొనేవాళ్లే ఉండరు. ఆ 2,000 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీ కాగితంలో లేదు. మీ చేతిలో ఉన్న డబ్బుని బట్టి వేసినట్టున్నారు. ఎన్ని రోజుల్లో బయటపడగలరో దాన్ని బట్టి వెయ్యాలి. నా మటుకు ఇరవై రోజులు దాటకూడదంటాను. అలాగైతే నలుగురికీ కలిపి 1,600.

నలుగురూ ఒకే రోజు ఆర్డర్లు పెట్టడం ఇంకో పొరపాటు. వేలంలో ఒకే ఇంటివాళ్లు ఒకరి మీద ఒకరు పాట పెంచుకున్నట్టు ఉంటుంది. వారాలు పంచుకోండి. ఇంకొకటి: నలుగురూ కలిసి కొనాలని, కలిసి ఓటెయ్యాలని ఒప్పందం చేసుకుంటే అక్కడి చట్టం మిమ్మల్ని ఒకే గుంపుగా చూస్తుంది. ఆ గుంపు వాటా ఐదు శాతం దాటితే బహిరంగంగా ఫైలింగ్ చెయ్యాలి. మీ డబ్బుకి అంత దూరం రాదు గానీ, కంపెనీ చిన్నదైన కొద్దీ ఆ గీత దగ్గరవుతుందని తెలిసి ఉండాలి.

ఆర్డరు సంగతి. బిడ్ (కొనేవాడు ఇస్తానన్న ధర) 11.40 డాలర్లు, ఆస్క్ (అమ్మేవాడు అడిగే ధర) 12.20 అని మీరే రాశారు. ఇప్పుడు కొని ఇప్పుడే అమ్మితే ఆరున్నర శాతం పోయినట్టే. కంపెనీ ఏమీ తప్పు చెయ్యకుండానే అంత నష్టం. కాబట్టి దొరికిన ధరకి జరిగిపోయే మార్కెట్ ఆర్డర్ అన్న మాటే మరిచిపోండి, ఎప్పుడూ మీరు చెప్పిన ధర దాటని లిమిట్ ఆర్డరే. మధ్య ధర 11.80. దానికి కొంచెం కింద, 11.65 దగ్గర పెట్టి ఆగండి. రెండు మూడు రోజులు ఎవరూ రాకపోతే ఐదు సెంట్లు పైకి జరపండి, అంతకు మించి ఒక్కసారే జరపొద్దు. మార్కెట్ తెరిచిన మొదటి అరగంటలో స్ప్రెడ్, అంటే బిడ్‌కీ ఆస్క్‌కీ మధ్య తేడా, బాగా వెడల్పుగా ఉంటుంది, అప్పుడు వెళ్లకండి. ఆర్డరు ఆ రోజుకే చెల్లేలా పెట్టండి. రద్దు చేసేదాకా ఉండే ఆర్డరు పెట్టి మరిచిపోతే, రాత్రి చెడ్డ ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే మీ పాత ధరకి ఎవడో షేర్లు అంటగట్టి వెళ్లిపోతాడు. తెల్లారేసరికి మీరే అందరికంటే మంచి బేరం.

స్టాప్-లాస్, అంటే ధర ఒక గీత దాకా పడగానే అమ్మేసే ఆర్డరు, పెడతామన్నారు. ఇక్కడ అది రక్షణ కాదు. ఆ ధర తగలగానే మామూలు స్టాప్ ఆర్డర్ మార్కెట్ ఆర్డరుగా మారిపోతుంది. 11.40 దగ్గర 100 షేర్లకే కొనేవాడున్నాడు, తరవాతివాడు 10.90లో 300, ఆ కింద 10.25. మీ వెయ్యి షేర్లు మెట్లన్నీ దొర్లుకుంటూ కిందికి పోతాయి, సాయంత్రానికి ధర మళ్లీ 11.50కి వచ్చి కూర్చుంటుంది. లిమిట్‌తో కూడిన స్టాప్ పెడితే అసలు అమ్ముడే పోకపోవచ్చు. ఈ షేరులో నష్టానికి హద్దు పెట్టేది ఎన్ని కొన్నారన్న అంకె ఒక్కటే. చార్టు గీతలు కూడా పక్కన పెట్టెయ్యండి. రోజుకు నాలుగు లావాదేవీలు జరిగే చోట ముగింపు ధర అంటే ఆఖరున ఎవరో యాభై షేర్లు అమ్మిన ధర, అంతకు మించి అర్థం లేదు.

ఇక అసలు ప్రశ్న. మీ దగ్గర కొనేవాళ్లు ముగ్గురే: మార్కెట్‌లో మీలాంటి మరో చిన్న మదుపరి, కంపెనీ తనే, లేదా కంపెనీ మొత్తాన్ని కొనేవాడు. మొదటివాడి సంగతి పైన చెప్పాను.

కంపెనీ బైబ్యాక్ (తన షేర్లు తనే కొనుక్కోవడం) ప్రకటించిందని సంబరపడ్డారు. అమెరికా నిబంధనల్లో కంపెనీ తన షేర్లను మార్కెట్‌లో కొనేటప్పుడు ధరను ఆడించిందన్న ఆరోపణ నుంచి రక్షణ కావాలంటే, మామూలుగా రోజుకు సగటు వాల్యూమ్‌లో నాలుగో వంతుకు మించి కొనకూడదు. వారానికి ఒకసారి ఒక పెద్ద బ్లాకు (ఒకే దెబ్బకి చేతులు మారే పెద్ద మొత్తం) కొనడానికి మినహాయింపు ఉంది. 1,770 సగటుకి నాలుగో వంతు 440. పది లక్షల డాలర్ల బైబ్యాక్ అంటే 11.80 దగ్గర దాదాపు 85,000 షేర్లు. బ్లాకులు దొరక్కపోతే రోజూ కొన్నా తొమ్మిది నెలలు పడుతుంది. బోర్డు అనుమతి ఇచ్చినంత మాత్రాన కొనాలన్న నియమమూ లేదు. కాబట్టి ప్రకటన చూడకండి, మూడు నెలలకోసారి వచ్చే టెన్-క్యూ నివేదికలో నెలవారీగా ఎన్ని కొన్నారో ఉండే పట్టీ చూడండి. ఇలాంటి కంపెనీ నిజంగా షేర్లు తగ్గించుకోవాలంటే టెండర్ ఆఫర్ వేస్తుంది, అంటే ఫలానా ధరకి ఇన్ని షేర్లు కొంటామని వాటాదారులందరినీ నేరుగా అడుగుతుంది. అది కనీసం ఇరవై పని దినాలు తెరిచి ఉంచాలి. వంద షేర్ల లోపు ఉన్నవాళ్లవి కోత లేకుండా మొత్తం తీసుకునే వెసులుబాటు చాలా ఆఫర్లలో పెడతారు. ఆఫర్ పత్రంలో ఆ వాక్యం ఉందో లేదో వెతకండి.

మూడోవాడు వస్తే మంచిదే, కానీ ఏ రూపంలో వస్తాడో చూడాలి. సిన్సినాటిలోని ఫ్రిష్స్ అనే రెస్టారెంట్ల కంపెనీని 2015లో షేరుకి 34 డాలర్ల చొప్పున నగదు ఇచ్చి కొనేశారు. టెక్సాస్‌లోని లూబీస్ అనే మరో రెస్టారెంట్ల కంపెనీలో 2020లో వాటాదారులు ఓటేసి కంపెనీని విప్పి అమ్మెయ్యడానికి ఒప్పుకున్నారు. అక్కడ వాటాదారులకు డబ్బు రావడానికి పెద్ద ఆధారం ఆ కంపెనీకి సొంత స్థలాలు ఉండటం. అన్నీ అద్దె గదులే ఉన్న కంపెనీని విప్పితే మిగిలేవి పాత పొయ్యిలు, కుర్చీలు, ఇంకా కట్టాల్సిన అద్దెలు.

ఈ ముగ్గురిలో ఎవరూ రాకుండానే తలుపు మూసుకునే చెడ్డ దారి కూడా ఒకటుంది. రికార్డులో ఉన్న వాటాదారులు, అంటే కంపెనీ పుస్తకాల్లో సొంత పేరుతో ఉన్నవాళ్లు, 300 లోపుంటే కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజి నుంచి తప్పుకుని రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోవచ్చు. ఆ తరవాత ఏడాదికోసారి వచ్చే టెన్-కె నివేదిక రాదు, టెన్-క్యూ రాదు. మీ షేర్లు బ్రోకర్ పేరు మీద ఉంటాయి గనక ఈ లెక్కలో మీరు రారు, బ్రోకర్ ఒక్కడే వస్తాడు. వేలమంది మదుపర్లున్నా లెక్క 300 దాటకపోవచ్చు. టెన్-కెలో 'రికార్డు వాటాదారులు' అన్న అంకె ఉంటుంది. అది 400కి దగ్గరగా ఉండి, కంపెనీని నడిపే కుటుంబానికి సగానికి పైగా వాటా ఉంటే, లిస్టింగ్ ఖర్చు ఎక్కువైందని ప్రకటనల్లో వాళ్లు గొణుగుతుంటే, నేనైతే అక్కడితో ఆపేస్తాను. ఐదొందల షేర్లను ఒకటిగా కలిపి, ఆ లోపు ఉన్నవాళ్లకి నగదిచ్చి పంపించే పద్ధతితోనూ సంఖ్య తగ్గించుకోవచ్చు. ధర వాళ్ల బోర్డే పెడుతుంది. కుటుంబం జీతాలు, కంపెనీకి వాళ్లే అద్దెకిచ్చిన భవనాలు, బంధువుల కాంట్రాక్టులు ప్రాక్సీ స్టేట్‌మెంట్‌లో, అంటే వాటాదారుల ఓటుకి ముందు కంపెనీ పంపే పత్రంలో, ఉంటాయి. మీరు దాన్ని తెరిచినట్టే లేదు. చిన్న వాటాదారుతో వాళ్లు ఎలా మెలుగుతారో తెలిసేది అక్కడే.

ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు వచ్చేదాకా కంపెనీ నిలబడాలి. రెస్టారెంటు లెక్కలు చూడాల్సింది అందుకే.

మీరు వాడిన ఈవీ-ఎబిట్డా నిష్పత్తిలో తప్పు ఉంది. పైన ఉండే ఈవీ అంటే షేర్ల మొత్తం విలువకి నికర అప్పు కలిపింది, కింద ఉండే ఎబిట్డా అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తియ్యకముందు లాభం. 2019 నుంచి అమల్లోకి వచ్చిన లీజు అకౌంటింగ్ ప్రకారం భవిష్యత్తు అద్దెలన్నీ బ్యాలెన్స్ షీట్‌లో అప్పులాగా కనిపిస్తాయి. కానీ అమెరికా ప్రమాణంలో మామూలు ఆపరేటింగ్ లీజు అద్దె ఇంకా ఖర్చుగానే ఉంటుంది, అంటే ఎబిట్డా అద్దె కట్టాక మిగిలింది. మీరు పైన లీజు అప్పును కలిపారు, కింద అద్దెను తీసేశారు. ఒకే అద్దెను రెండుసార్లు లెక్కేసినట్టు. అంతర్జాతీయ ప్రమాణం పాటించే కంపెనీల్లో అద్దె తరుగుదల, వడ్డీల్లోకి జారిపోతుంది, అక్కడ ఎబిట్డా ఉబ్బి కనిపిస్తుంది. రెండు దేశాల కంపెనీలను ఒకే వరసలో పెట్టి పోల్చారు, ఆ పట్టీ కొట్టెయ్యండి. అసలు ఈ వ్యాపారంలో తరుగుదలను ఖర్చు కాదనడమే తప్పు. వంటగది అరుగుతుంది, ఐదు పదేళ్లకోసారి హాలు కొత్తగా చెయ్యాలి.

అమ్మకాలు కొద్దిగా తగ్గితే ఏమవుతుందో ఇలా చూడు. అమ్మకం 100 అనుకుంటే సరుకు 30, జీతాలు 32, అద్దె 8, కరెంటు, మరమ్మతుల వంటివి 18, హెడ్డాఫీసు 6. మిగిలేది 6. అమ్మకం 95కి పడితే సరుకులో ఒకటిన్నర తగ్గుతుంది. జీతాల్లో 0.8 తగ్గితే గొప్ప, ఎందుకంటే బల్లలు సగం ఖాళీగా ఉన్నా వంటవాడు ఉండాల్సిందే. మిగతా ఖర్చుల్లో అర. అద్దె, హెడ్డాఫీసు కదలవు. మిగిలేది 3.8. అమ్మకం ఐదు శాతం పడితే లాభం మూడో వంతుకు పైగా పోయింది. అందుకే సరుకు, జీతాలు కలిపి అమ్మకంలో 65 శాతం దాటితే నాకు భయం.

పాత శాఖల అమ్మకాలు ఒక శాతం పెరిగాయని మెచ్చుకున్నారు. మెనూ ధరలు నాలుగు శాతం పెంచామని అదే ప్రకటనలో ఉంది. అంటే వచ్చే జనం దాదాపు మూడు శాతం తగ్గారు, లేదా వచ్చినవాళ్లు తక్కువ తింటున్నారు. మూసేసిన శాఖలు ఈ లెక్కలోంచి మాయమైపోతాయి, మిగిలినవి మెరుగ్గా కనబడతాయి. 52 వారాల లెక్క ఏడాదిలో అదనంగా 53వ వారం వచ్చిందేమో చూశారా? అది వస్తే అమ్మకం ఊరికే రెండు శాతం దాకా పెరుగుతుంది.

నగదు ఎక్కువగా ఉందన్నది కూడా నమ్మకండి. తినేవాడు వెంటనే డబ్బిస్తాడు, సరుకు ఇచ్చినవాడు వారాలు ఆగుతాడు, పండగలకు అమ్మిన గిఫ్ట్ కార్డుల భోజనం ఇంకా పెట్టాల్సే ఉంది. ఆ నగదులో చాలా భాగం ఇతరులది. అమ్మకం పెరిగేటప్పుడు ఈ ఏర్పాటు హాయిగా ఉంటుంది, తగ్గేటప్పుడు పాత బాకీలన్నీ ఒక్కసారి తలుపు తడతాయి.

అన్నిటికంటే ముఖ్యం లీజుల పట్టీ. ఏ శాఖ ఎంత తెస్తోంది, దాని లీజు ఎప్పటిదాకా, పొడిగించే హక్కు ఎవరిది. న్యూయార్క్ ఆర్క్ రెస్టారెంట్స్ కూడా ఇలాంటి చిన్న కంపెనీయే, ఉన్న షేర్లే మొత్తం సుమారు 36 లక్షలు. అక్కడి బ్రయంట్ పార్క్‌లో వాళ్లు నడిపిన రెస్టారెంట్ల లీజు గడువు 2025 వసంతంలో తీరింది, విషయం కోర్టుదాకా వెళ్లింది. ఆ తేదీ ఏళ్ల తరబడి వాళ్ల టెన్-కెలో అచ్చయి ఉంది. మీ కంపెనీలోనూ అమ్మకంలో ఐదో వంతు తెచ్చే శాఖ ఒకటుంది. దాని గడువు మీ కాగితంలో లేదు.

ఆ శాఖకి వెళ్లి ఎన్ని బల్లలు నిండాయో లెక్కపెట్టండి, తప్పులేదు. మేనేజర్‌ని మాత్రం ఈ త్రైమాసికం అమ్మకాలు అడగకండి. బయటికి రాని అంకె మీ చెవిన పడి మీరు షేరు కొంటే కేసు మీ మీదకే. అలాగే మీరు కొనేశాక పదిమందికి ఊదరగొట్టి, వాళ్లు ఎగబడ్డప్పుడు అమ్ముకోవడం కూడా నేరమే.

మధ్య వాల్యూమ్, రికార్డు వాటాదారుల అంకె, నెలవారీ బైబ్యాక్ పట్టీ, లీజుల గడువులు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పంపు. అది చూసి రాస్తాను. అందాకా ఆర్డరేదీ పెట్టొద్దు.

ఇట్లు,
మామయ్య