వాల్కరీ ప్రొఫైల్ గేమ్‌లో పెంచుకున్న యోధులను పైకి పంపేయాలా, మన దగ్గరే ఉంచుకోవాలా?

పంపాలి, కానీ అందరినీ కాదు.

1999లో జపాన్‌లో ప్లేస్టేషన్‌పై వచ్చిన ఈ గేమ్ ఆయువుపట్టే ఇది. నార్స్ (స్కాండినేవియా) పురాణాల్లో యుద్ధంలో చచ్చిన వీరులను వాల్కరీలు దేవతల రాజు ఓడిన్ కొలువైన వల్హల్లాకు చేరుస్తారు. మన వీరస్వర్గం లాంటిదే అనుకోండి, కాకపోతే అక్కడా విశ్రాంతి లేదు, లోకాంతంలో జరిగే రాగ్నరాక్ యుద్ధానికి రోజూ సాధన చేయాలి. గేమ్‌లో మీరు లెనెత్ అనే వాల్కరీ. చనిపోయేవాళ్ల ఆత్మలను చేర్చుకుని, వాళ్లతోనే పోరాడి, తర్వాత పైకి పంపాలి.

ప్రతి అధ్యాయం చివర ఫ్రేయా అనే దేవత మీ పనితీరు చూస్తుంది. ఎవరినీ పంపకుండా ఉంటే రేటింగ్ పడిపోతుంది. మరీ దిగజారితే ఆవిడే వచ్చి కథ ముగించేస్తుంది. కాబట్టి అధ్యాయానికి ఒకరిద్దరిని, అడిగిన గుణాలున్నవాళ్లను, పంపండి. పంపేముందు వాళ్ల మంచి ఆయుధాలు తీసి పెట్టుకోండి. (నేను మొదటిసారి మర్చిపోయి తల పట్టుకున్నాను.)

పోరాటంలో నాలుగు బటన్లకు నలుగురు యోధులు. ఎడాపెడా నొక్కకండి, ఒకరి దెబ్బ ముగిసేలోపు ఇంకొకరిది తగిలేలా లయ పట్టాలి.

ఈజీ మోడ్ మాత్రం వద్దు. అసలైన ముగింపు అందులో రాదు, నార్మల్ లేదా హార్డ్‌లోనే వస్తుంది.