తాతగారి బైబిల్లో తేదీలు: ఏది నమ్మాలి?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా తాతయ్య వాడిన తెలుగు బైబిల్ మా ఇంట్లో ఉంది. మొదటి పేజీలో 1911 అని అచ్చయింది. పాత నిబంధనకీ కొత్త నిబంధనకీ మధ్య ఉన్న ఖాళీ కాగితం మీద, వెనక అట్ట లోపల ఇంట్లోవాళ్ల పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు రాసి ఉన్నాయి. మొదటిది తాతయ్య పుట్టుక, 1894. మా నాన్న పేరు దగ్గర ‘1931 ఆగస్టు 9 ఆదివారం, టెక్కలి, గంజాం జిల్లా’ అని ఉంది. స్కూలు సర్టిఫికెట్లో మాత్రం 1-7-1929. మేనత్త పేరు దగ్గర ఒకచోట ‘యువ, పుష్య బహుళం’ అని, ఇంకోచోట ఉత్త ‘1949’ అని ఉంది. ఆవిడ పెళ్లి 1954. కెనడాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు వంశవృక్షం తయారుచేస్తూ అత్త 1949లో పుట్టిందని, నాన్న ఒడిశాలో పుట్టాడని ఎక్కించాడు. రత్నం అనే పేరు రెండుసార్లు ఉందని ఒకటి తీసేశాడు. ఆ కాగితం కత్తిరించి, లామినేషన్ చేయించి పంపమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: అమ్మా, ఆ కాగితాన్ని కత్తిరించకండి. లామినేషన్ అసలే వద్దు. వేడికి కరిగి అతుక్కున్న ప్లాస్టిక్‌ని మళ్లీ విడదీయలేం. పాత సిరా, పాత కాగితం లోపలే పాడవుతాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఆ కాగితానికి విలువ వచ్చింది అది ఆ పుస్తకంలో ఉండడం వల్ల. అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధం చేసిన సైనికుల భార్యలు పింఛను కోసం పెళ్లి రుజువు చూపించాల్సి వచ్చినప్పుడు, చాలామంది ఇంటి బైబిల్లోని పేజీ చింపి దరఖాస్తుతో పంపారు. ఆ పేజీలు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేజీ ఒకచోట ఉండి పుస్తకం లేకపోతే, ఆ పుస్తకం ఏ ఏడు అచ్చయిందో, ఎవరి చేతిలో ఉండేదో ఎలా తెలుస్తుంది?

మీ తమ్ముడికి ఫోటోలు పంపండి. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తియ్యండి. ముందు అట్ట, తర్వాత 1911 ఉన్న పేజీ, దాని వెనకవైపు, ఆ తర్వాత రాత ఉన్న ప్రతి పేజీ నాలుగు అంచులూ కనబడేలా తియ్యాలి. దగ్గరి ఫోటోలు ఆ తర్వాతే. పెన్సిల్ రాత చెరిగిపోయినట్టుంటే వెలుగు పక్కనుంచి పడేలా పెట్టి చూడండి, చాలావరకు కనిపిస్తుంది.

ఇక నమ్మకం సంగతి. బైబిల్లో రాసి ఉంది కాబట్టి అన్నీ నిజమేనని అనుకోనక్కర్లేదు. ఒక్కో వరస ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని చూడాలి. పుస్తకం 1911ది. అంటే 1894 నాటి తాతయ్య పుట్టుకను అప్పటికప్పుడు అందులో రాసే వీలే లేదు. ఎవరో చెప్పగా విని రాసి ఉండాలి, లేదా ఇంకో కాగితం చూసి ఎక్కించి ఉండాలి. మొదటి నాలుగైదు వరసలు ఒకే సిరా, ఒకే చేతిరాత, ఒకే వాలు అయితే ఒకే రోజు కూర్చుని రాసినవని అర్థం. వాటిని పారెయ్యకండి, కానీ ‘తర్వాత రాసినది’ అని పక్కన గుర్తు పెట్టుకోండి. ఆ కిందనుంచి సిరా మారుతూ, ఒక్కో పేరుకు రాత కొంచెం తేడాగా వస్తుంటే, ఏ సంగతి జరిగినప్పుడు అది రాశారన్నమాట. నాకు ఎక్కువ విలువైనవి అవే. 1930ల నాటి సంగతి బాల్‌పెన్నుతో రాసి ఉంటే అది తర్వాత చేర్చినదే. మన దగ్గర బాల్‌పెన్నులు వాడుకలోకి వచ్చింది స్వాతంత్ర్యం తర్వాతే కదా.

మీ నాన్నగారి తేదీ చూద్దాం. నేను హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేస్తే జూలై 1న పుట్టిన పిల్లలు వరసగా కనిపిస్తారు. తండ్రికి తేదీ తెలియదు. పిల్లాడు కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి ముట్టుకోగలిగితే చేర్చుకునేవారు. తరగతికి సరిపడేలా ఒక ఏడు వేసి, బడి తెరిచే రోజులకు దగ్గరగా ఒక తేదీ రాసేవారు. 1-7-1929 చూడగానే నాకు అదే తోచింది. బైబిల్లో వారంతో సహా ఉంది. 1931 ఆగస్టు 9 నిజంగానే ఆదివారం. ఊహించి రాసిన తేదీకి వారం సరిగ్గా కుదిరే అవకాశం ఏడింట ఒకటే. సిరా కూడా ఆ కాలానిదైతే నేను బైబిల్ వైపే ఉంటాను. అలాగని పింఛను కాగితాల్లో తేదీ మార్పించడానికి తిరగకండి, ఆఫీసులు స్కూలు రికార్డునే చూస్తాయి. వంశవృక్షంలో మాత్రం రెండు తేదీలూ రాసి, ఏది ఎక్కడిదో పక్కన వెయ్యండి.

గంజాం జిల్లా అన్నది తప్పు కాదు, దాని అర్థం ఒడిశా అనీ కాదు. 1931లో మీ టెక్కలి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ వైపు ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది. ఊరు కదల్లేదు, జిల్లా పేరు మారిందంతే. ఇంత చిన్న విషయానికి ఒక మనిషి పుట్టిన రాష్ట్రమే మారిపోయింది చూడండి. పార్వతీపురం వాళ్లకైతే ఇంకా చిక్కు: విశాఖపట్నం, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం. పాత కాగితాలు వెతికేవాళ్లు తేదీని బట్టి జిల్లా పేరు మార్చుకోవాలి.

మేనత్తగారి విషయంలో మీ తమ్ముడు తొందరపడ్డాడు. 1949లో పుడితే అయిదేళ్లకు పెళ్లా? ‘యువ’ 1935 ఉగాది నుంచి 1936 ఉగాది దాకా నడిచిన సంవత్సరం. ఆ ఏడు పుష్య బహుళం జనవరిలో వచ్చింది కాబట్టి ఆవిడ పుట్టింది 1936 జనవరిలో. యువ అంటే 1935 అని వేసుకున్నా తప్పే. పైగా ఈ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. ఇక్కడ 1875, 1995 రెండూ కుదరవు కాబట్టి ఇబ్బంది లేదు.

మరి 1949 ఏమిటి? మీ కుటుంబం కెనడియన్ బాప్టిస్టు మిషన్ సంఘంలోదైతే అది బాప్తిస్మం తీసుకున్న ఏడు కావచ్చు. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిసి, విశ్వాసం ఒప్పుకున్నాక చెరువులోనో ఏటిలోనో ముంచి ఇస్తారు. పదమూడేళ్ల పిల్లకు అది సరిపోతుంది. సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్ సంఘాల్లోనూ, కాథలిక్కుల్లోనూ పసితనంలోనే ఇస్తారు. అక్కడ బాప్తిస్మం తేదీ నుంచి పుట్టిన తేదీని కొంత అంచనా కట్టవచ్చు. బాప్టిస్టు ఇళ్లలో అలా కట్టకూడదు. మీ సంఘం పాత రిజిస్టరు ఉందేమో పాస్టరు గారిని అడగండి. 1949లో ఆవిడ పేరు కనిపిస్తే సందేహం తీరిపోతుంది. పెళ్లికైతే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రాసిన రిజిస్టరు ఉండాలి.

రత్నం పేరు రెండుసార్లు ఎందుకుందో ఆ వరసలు మళ్లీ చదవండి, మొదటి రత్నం పక్కన చిన్న శిలువ గుర్తో మరణం తేదీయో ఉందేమో. పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడం మన ఇళ్లలో చాలా చోట్ల ఉంది. బడి రిజిస్టరు, రేషను కార్డు, ఓటర్ల జాబితా, ఎక్కడా ఎక్కని పసివాడి పేరు కన్నవాళ్లు ఈ ఒక్క కాగితం మీద రాసి దాచుకున్నారేమో. ఆ పేరును కంప్యూటర్లో తీసేస్తే ఇంకెక్కడ ఉంటుంది? మీ తమ్ముడికి ఈ మాట మీరే ఫోన్ చేసి చెప్పండి, దయచేసి తిరిగి చేర్చమనండి.

కోర్టులో పనికొస్తుందా అని మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతుంటారు. చనిపోయిన తండ్రి తన జ్ఞాపకాల పుస్తకంలో కూతురి పెళ్లి తేదీ రాస్తే అది పరిశీలించదగిన సాక్ష్యమేనని 1872 సాక్ష్య చట్టం 32వ సెక్షన్‌లోనే ఉదాహరణ ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో అది 26వ సెక్షన్. అక్కడా ఎవరు రాశారన్నదే మొదటి ప్రశ్న. కాబట్టి తాతయ్య సంతకం ఉన్న ఉత్తరమో, దస్తావేజో ఉంటే ఆ బైబిల్‌తో పాటే దాచండి. ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో చుట్టి, గోడ చెమ్మ తగలని చోట పడుకోబెట్టండి. సెల్లోటేపు అంటించకండి. మీరు కొత్తగా ఏమైనా రాయాలనుకుంటే వేరే కాగితం మీద రాసి, తేదీ, మీ పేరు వేసి లోపల పెట్టండి.

ప్రశ్న: మాది హిందూ కుటుంబం. మాకు బైబిల్ లాంటిది లేదు. ఎక్కడ వెతకాలి?
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఇంట్లో పాత పంచాంగాలు పారెయ్యకుండా ఉంటే మార్జిన్లు చూడండి. పుట్టుకలు, తద్దినం తిథులు అక్కడే రాసేవారు. పంచాంగం ఏ ఏటిదో అట్ట మీదే ఉంటుంది కాబట్టి పై చిక్కు సగం తీరుతుంది. రామాయణ, భాగవతాల అట్టల లోపల, తాటాకు జాతకాల్లో, పెళ్లి లగ్నపత్రికల్లో వెతకండి. మీ పెద్దలు పూరీకో గయకో వెళ్లి ఉంటే అక్కడి పండాల పుస్తకాల్లో ఊరు పేరు, ఇంటిపేరు చెప్పి అడగండి. తిథి మాత్రమే ఉండి సంవత్సరం పేరు లేకపోతే ఇంగ్లీషు తేదీ కట్టడానికి ప్రయత్నించకండి, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి.