‘ది క్రాఫ్ట్: లెగసీ’ పాత సినిమాకు రీమేకా?

కాదు, 2020లో వచ్చిన ‘ది క్రాఫ్ట్: లెగసీ’ 1996 నాటి ‘ది క్రాఫ్ట్’కు సీక్వెల్. కొత్తగా బడికొచ్చిన అమ్మాయి, నలుగురు కుర్ర మంత్రగత్తెలు, అదే వరస కాబట్టి తిరుపతి హాస్టళ్లలో ల్యాప్‌టాప్‌లో చూసే పిల్లలు రీమేక్ అనుకుంటారు. చివరి సీన్ దాకా చూస్తే తేలిపోతుంది: ఆ కొత్తమ్మాయి లిల్లీ మానసిక వైద్యశాలకు వెళ్లి కన్నతల్లిని కలుస్తుంది. ఆమె పాత సినిమాలో శత్రువుగా మారిన మంత్రగత్తె నాన్సీయే, నటి కూడా అదే ఫైరూజా బాల్క్. మన ‘చంద్రముఖి’ మలయాళ ‘మణిచిత్రతాళు’కు రీమేక్, అక్కడ కథే మళ్లీ చెప్పారు, ఇక్కడ ముందుకు నడిపారు.

రీమేక్ కాబట్టే చప్పగా ఉందనడమూ పొరపాటే. పాతదాంట్లో భయమంతా స్నేహితురాలే శత్రువవడంలో ఉంది. కొత్తదాంట్లో విలన్ లిల్లీని పెంచిన తల్లి ప్రియుడు. ఆ నలుగురి మధ్య కక్ష ముదరనే లేదు. ఇక వణుకెక్కడిది!